పసిబిడ్డ వెన్ను మీద ఎవరి చెయ్యి?

2025 సెప్టెంబర్ 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ నుంచి ఒక లేఖ వెలువడింది. ఫిజియోథెరపిస్టులు తమ పేరుకు ముందు ‘డాక్టర్’ అని రాసుకోకూడదన్నది దాని సారాంశం. ఫిజియోథెరపిస్టులు భగ్గుమన్నారు. మర్నాడే ఆ లేఖను వెనక్కి తీసుకున్నారు. పేరుకు ముందుండే ఒక బిరుదు గురించి రాజధాని ఎంత ఆవేశపడగలదో ఆ ఇరవై నాలుగు గంటల్లో తేలిపోయింది. బిరుదు సంగతి అలా ఉంచితే, ఆ మనిషి చెయ్యి రోగి ఒంటి మీద ఏం చేస్తోంది, ఆ పని చేయడానికి అతనికి ఎవరు అనుమతి ఇచ్చారు అన్న ప్రశ్న ఆ రభసలో ఎక్కడా వినిపించలేదు.

ఆ ప్రశ్న అడగవలసిన చోటు ఒకటుంది. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా, ఘాజియాబాద్‌లలో కొన్నేళ్లుగా ‘కైరోప్రాక్టిక్’ బోర్డులు కనిపిస్తున్నాయి. మెడను ఒక్క కుదుపుతో తిప్పి, వెన్నుపూసలను నొక్కి, టపటపమనే శబ్దం వినిపించే వీడియోలు ప్రతి ఫోనులోనూ తిరుగుతున్నాయి. నడుంనొప్పితో బాధపడే నలభై ఏళ్ల ఉద్యోగి తన సొంత వెన్నును తన ఇష్టప్రకారం ఎవరికైనా అప్పగిస్తే అది చాలావరకు అతని నిర్ణయం. కానీ ఈ వైద్యం పుట్టిన దేశాల్లో దాని ప్రచారం పెద్దల నడుంనొప్పి దగ్గర ఆగలేదు. గుక్కపెట్టి ఏడ్చే పసిబిడ్డల కడుపునొప్పికి, అంటే వైద్యులు ‘కోలిక్’ అని పిలిచే స్థితికి కూడా వెన్ను సరిచేయడమే మందు అన్న వాదన దశాబ్దాలుగా సాగుతోంది. ఫోను తెరకు సరిహద్దులు లేవు కాబట్టి ఆ వాదన ఇక్కడి తల్లిదండ్రులకూ చేరుతోంది. దాన్ని అడ్డుకునే నియమం మాత్రం ఈ దేశంలో లేదు. ప్రమాదం జరిగాక మేల్కొనే అలవాటున్న పాలనా వ్యవస్థకు, ప్రమాదం జరగకముందే ఒక చిన్న పని చేసే అవకాశం ఇది.

ఏడుపుకు ఉన్న లెక్క

ఆరోగ్యంగా ఉండి, పాలు బాగా తాగి, బరువు పెరుగుతున్న బిడ్డ ఏ కారణమూ కనిపించకుండా గంటల తరబడి ఏడవడమే కోలిక్. 1954లో అమెరికా వైద్యుడు మారిస్ వెసెల్, ఆయన సహచరులు దీనికి ఒక కొలత చెప్పారు. రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడిస్తే కోలిక్ అన్నారు. తరువాతి కాలంలో ఆ అంకెల పట్టు సడలింది కానీ వర్ణన మారలేదు. ముఖం ఎర్రబడుతుంది, పిడికిళ్లు బిగుస్తాయి, కాళ్లు కడుపులోకి ముడుచుకుంటాయి. సాయంత్రం అయ్యేసరికి మొదలై అర్ధరాత్రి దాకా సాగుతుంది. ఎత్తుకున్నా, ఊపినా, పాలిచ్చినా ఆగదు.

దీని గురించి తెలిసిన విషయాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది దాని కాలక్రమం. పుట్టిన రెండు మూడు వారాలకు ఏడుపు పెరగడం మొదలవుతుంది. ఆరో వారం ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది. మూడు, నాలుగు నెలలు నిండేసరికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. ఎందుకొస్తుందో వైద్యశాస్త్రం ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేకపోతోంది. విపరీతంగా ఏడుస్తున్నారని ఆసుపత్రికి తెచ్చిన శిశువుల్లో నూటికి ఐదుగురిలో మాత్రమే అసలైన రోగకారణం బయటపడుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మిగిలిన తొంభై ఐదు మందికి కావలసింది కాలం. వాళ్లను పెంచేవాళ్లకు కావలసింది ధైర్యం, నిద్ర, తోడు.

ఈ కాలక్రమాన్ని గుర్తుంచుకుంటేనే తరువాతి కథ అర్థమవుతుంది. తల్లిదండ్రులు చికిత్స కోసం పరుగెత్తేది ఏడుపు భరించలేని స్థాయికి చేరినప్పుడు, అంటే దాదాపు ఆరో వారంలో. ఆ తరువాత ఏం చేసినా, ఏమీ చేయకపోయినా ఏడుపు తగ్గుతుంది. ఆ వారంలో ఇచ్చిన చుక్కల మందుకు, కట్టిన తాయెత్తుకు, నొక్కిన వెన్నుకు, అన్నిటికీ ఆ ఘనత దక్కుతుంది. ‘మా బిడ్డకు తగ్గింది’ అని చెప్పే తల్లి అబద్ధం చెప్పడం లేదు. తగ్గడం నిజమే. దేనివల్ల తగ్గిందన్నదే ప్రశ్న.

1895 నుంచి వచ్చిన సిద్ధాంతం

కైరోప్రాక్టిక్ చరిత్ర అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో మొదలవుతుంది. అయస్కాంత చికిత్స చేసే డి.డి. పామర్ 1895 సెప్టెంబర్‌లో హార్వీ లిలార్డ్ అనే వ్యక్తి వెన్నుపూసను నొక్కి అతని చెవుడు పోగొట్టానని ప్రకటించాడు. వెన్నుపూసలు కొద్దిగా పక్కకు జరగడం వల్ల శరీరంలోని సహజశక్తి ప్రవాహం ఆగిపోతుందని, దాదాపు అన్ని రోగాలకూ అదే మూలమని ఆయన సిద్ధాంతం. ఇవాళ ఆ వృత్తిలోనే చాలామంది ఆ సిద్ధాంతాన్ని వదిలి ఎముకలు, కండరాల నొప్పులకే పరిమితమయ్యారు. పెద్దల నడుంనొప్పికి వెన్ను మర్దన కొంత ఉపశమనం ఇస్తుందన్న ఆధారాలు కూడా ఉన్నాయి. అయితే పాత సిద్ధాంతం పూర్తిగా చావలేదు. కాన్పు సమయంలో బిడ్డ మెడ, వెన్ను ఒత్తిడికి గురవుతాయని, ఆ ఒత్తిడే కోలిక్‌కు కారణమని చెప్పే శాఖ దానికి వారసురాలు.

ఈ వాదనను పరీక్షకు పెట్టనిదేమీ కాదు. 1999లో డెన్మార్క్‌లో జరిగిన ఒక పరిశీలనలో వెన్ను చికిత్స పొందిన శిశువులు, కడుపులో గ్యాస్ తగ్గించే చుక్కల మందు తీసుకున్న శిశువులకన్నా తక్కువ ఏడ్చారని తేలింది. కైరోప్రాక్టర్లు తరచూ చూపేది దీన్నే. కానీ అందులో బిడ్డ ఎంతసేపు ఏడ్చిందో డైరీలో రాసింది తల్లిదండ్రులు. తమ బిడ్డకు ఏ చికిత్స జరిగిందో వాళ్లకు ముందే తెలుసు. 2001లో నార్వే వైద్యులు ఆ లోపాన్ని సరిదిద్దారు. 86 మంది శిశువులను రెండు బృందాలుగా విభజించి, ఎవరికి చికిత్స జరిగిందో ఎవరికి జరగలేదో తల్లిదండ్రులకు తెలియనివ్వలేదు. చికిత్స పొందినవారిలో దాదాపు 70 శాతం మందికి మెరుగైంది. పొందనివారిలో 60 శాతం మందికి మెరుగైంది. గణాంకశాస్త్రం ప్రకారం ఆ తేడాకు విలువ లేదు. ఏ చికిత్సా లేకుండా ఒక నర్సు చేతుల్లో కాసేపు ఉండి వచ్చిన బిడ్డల్లోనూ ప్రతి పదిమందిలో ఆరుగురు కుదుటపడ్డారన్నది ఆ పరిశోధన చెప్పే అసలు సంగతి.

2012లో కాక్రేన్ సంస్థ అప్పటికి అందుబాటులో ఉన్న ఆరు అధ్యయనాలను, మొత్తం 325 మంది శిశువుల వివరాలను కలిపి చూసింది. వాటిలో ఎక్కువ భాగం తల్లిదండ్రులకు చికిత్స సంగతి తెలిసి జరిగినవే. తెలియకుండా జరిగిన వాటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ప్రయోజనం నిరూపణ కాలేదు. నూటికి నూరుపాళ్లు పనికిరాదని శాస్త్రం తీర్పు ఇవ్వలేదు కానీ, పనికొస్తుందని చెప్పి డబ్బు తీసుకోవడానికి కావలసిన ఆధారం మాత్రం దొరకలేదు.

హాని సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. శిశువులకు చేసే మర్దన చాలాసార్లు వేలి కొసతో తాకినంత మెత్తగానే ఉంటుంది. తీవ్ర ప్రమాదాలు అరుదు. 2007లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష పిల్లల వెన్ను మర్దనకు సంబంధించి 14 హాని ఘటనలను గుర్తించింది. వాటిలో తొమ్మిది తీవ్రమైనవి. అంతకన్నా ఆలోచింపజేసేది మరో అంకె. సరైన రోగనిర్ధారణ ఆలస్యమైన లేదా తప్పిపోయిన సందర్భాలు 20 ఉన్నాయి. మూడో నెల నిండేదాకా మెడ నిలవని బిడ్డ విషయంలో రెండు ప్రమాదాలూ ఒకచోట కలుస్తాయి. ఒకటి చేతివల్ల వచ్చేది. రెండోది, ఆ చేతిని నమ్మి అసలు వైద్యుడి దగ్గరకు వెళ్లకపోవడం వల్ల వచ్చేది. జ్వరం, పచ్చని వాంతి, మలంలో రక్తం, పాలు మానేయడం, మాడు ఉబ్బడం వంటి లక్షణాలున్న బిడ్డకు ప్రతి గంటా విలువైనదే.

ఒక్క కైరోప్రాక్టిక్‌దే పాపమా?

కాదు. ఏడ్చే బిడ్డ చుట్టూ అన్ని కాలాల్లోనూ ఒక సంత నడిచింది. ‘పాప ఏడుస్తోందా, గ్రైప్ వాటర్ పట్టు, నీ చిన్నప్పుడు నేనూ అదే పట్టాను’ అని తరాల పేరు చెప్పే వ్యాపార ప్రకటన తెలియని తెలుగిల్లు అరుదు. 1851లో ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ మొదలుపెట్టిన ఆ ద్రావణంలో ఒకప్పుడు సారాయి అంశం ఉండేది. తరువాత తీసేశారు. అది కోలిక్‌ను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం నేటికీ లేదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదని ప్రభుత్వమే చెబుతున్న దేశంలో ఆ సీసా ప్రతి మందుల దుకాణంలోనూ దొరుకుతుంది.

ఆధునిక వైద్యం చేతులు కూడా పూర్తిగా శుభ్రం కాదు. కడుపునొప్పి తగ్గించే డైసైక్లోమిన్‌ను ఒకప్పుడు కోలిక్‌కు విరివిగా రాసేవారు. పసికందులకు ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉందని తేలాక ఆరు నెలలలోపు వారికి వాడకూడదని నిర్ణయించారు. గ్యాస్ తగ్గిస్తాయని రాసే సిమెథికోన్ చుక్కలు ఉత్తి ద్రావణంకన్నా మెరుగు కాదని 1994 నాటి అమెరికా పరిశోధన తేల్చింది. అయినా చీటీల మీద అవి కనిపిస్తూనే ఉన్నాయి. ఏదో ఒకటి రాయకపోతే తల్లిదండ్రులు తృప్తి పడరన్న భావన వైద్యుడిది. ఏమీ రాయని వైద్యుడికి ఏమీ తెలియదన్న అనుమానం తల్లిదండ్రులది.

పల్లెల్లో ఈ నిస్సహాయతకు మరింత క్రూరమైన రూపాలున్నాయి. 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లోని షాడోల్ జిల్లాలో, ఊపిరితిత్తుల జబ్బు తగ్గాలని కాల్చిన ఇనుప చువ్వలతో వాతలు పెట్టిన పసిపాపలు మరణించారు. అప్పుడు ఢిల్లీ స్టూడియోలు మూఢనమ్మకం మీద గంటల కొద్దీ చర్చలు నడిపాయి. గురుగ్రామ్‌లోని చల్లని గదిలో మెత్తని బల్ల మీద జరిగేదానికీ ఆ చువ్వకూ పోలిక లేదు. నొప్పిలోనూ లేదు, ఫలితంలోనూ లేదు. అయితే రుజువు లేని ఒక చర్యకు తన బిడ్డను అప్పగించేలా చేసిన భయం మాత్రం రెండుచోట్లా ఒకటే. పేదవాడు చేస్తే మూఢనమ్మకం, ఉన్నవాడు చేస్తే ‘వెల్‌నెస్’ అని పేర్లు మార్చడం న్యాయం కాదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని, నువ్వులనూనెతో ఒళ్లు రుద్ది నీళ్లు పోసే అమ్మమ్మ పద్ధతిని గానీ, ఢిల్లీ ఇళ్లలో బాలింతకూ బిడ్డకూ సేవ చేసే ‘జాపా’ ఆయా చేసే మాలిష్‌ను గానీ ఈ చర్చలోకి లాగనవసరం లేదు. మృదువైన స్పర్శ బిడ్డకు హాయినిస్తుంది. రోగాన్ని నయం చేస్తానని అమ్మమ్మ ఎవరికీ రసీదు రాయదు. రోగం పేరు చెప్పి, మూలకారణం కనిపెట్టానని చెప్పి, ఇన్ని విడతలు రావాలని చెప్పి రుసుము తీసుకున్న క్షణం నుంచి అది చికిత్స అవుతుంది. చికిత్స అయినప్పుడు చట్టం అడగవలసిన ప్రశ్నలు అడగాలి.

బయటి దేశాలు ఏం చేశాయి?

ఈ అంశం బ్రిటన్‌లో ఏకంగా పరువునష్టం చట్టాన్నే మార్చింది. 2008 ఏప్రిల్‌లో సైన్స్ రచయిత సైమన్ సింగ్ ‘గార్డియన్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. కోలిక్, చెవి ఇన్‌ఫెక్షన్లు, ఉబ్బసం వంటివాటికి పిల్లలకు కైరోప్రాక్టిక్ చికిత్స చేయవచ్చని బ్రిటిష్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ చేస్తున్న ప్రచారానికి ఆధారం లేదన్నారు. ఆ సంఘం పత్రికను వదిలి రచయిత మీద దావా వేసింది. కింది కోర్టు తీర్పు సింగ్‌కు ప్రతికూలంగా వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చి, శాస్త్రీయ వివాదాలను తేల్చవలసిన చోటు న్యాయస్థానం కాదన్న వైఖరి తీసుకుంది. రెండు వారాల్లో సంఘం దావా ఉపసంహరించుకుంది. ఆ ఉద్యమం ఊపు 2013 నాటి పరువునష్టం చట్టం దాకా సాగింది. భారత్‌లో పరువునష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే. పాత శిక్షాస్మృతిలోని 499వ సెక్షన్ కొత్త న్యాయసంహితలో 356గా అంకె మార్చుకుంది, అంతే. ఇక్కడ ఒక వైద్య విధానాన్ని ప్రశ్నించే రచయితకు సైమన్ సింగ్‌కు దక్కినంత రక్షణ లేదు.

ఆస్ట్రేలియా కథ ఇంకా దగ్గరిది. 2019లో విక్టోరియా రాష్ట్రంలో రెండు వారాల శిశువును చీలమండలు పట్టి తలకిందులుగా ఎత్తిన ఒక కైరోప్రాక్టర్ వీడియో కలకలం రేపింది. అక్కడ కైరోప్రాక్టర్లకు చట్టబద్ధమైన బోర్డు ఉంది. ఆ బోర్డే రెండేళ్లలోపు పిల్లలకు వెన్నుపూసల మర్దన చేయరాదని తాత్కాలిక నిషేధం పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన సమీక్ష, హాని జరిగిన దాఖలాలు చాలా తక్కువని ఒప్పుకుంటూనే, ప్రయోజనానికి గట్టి ఆధారం లేదని చెప్పింది. కోలిక్ సహా పలు సమస్యలకు పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈ చికిత్స చేయరాదని సిఫారసు చేసింది. 2023 చివర్లో బోర్డు చడీచప్పుడు లేకుండా నిషేధాన్ని ఎత్తేసింది. 2024 జూన్‌లో ఆ సంగతి బయటపడగానే ఆరోగ్య మంత్రులు ఒత్తిడి తెచ్చి మళ్లీ పెట్టించారు. బోర్డు ఉన్నచోట కూడా నిఘా సడలితే ఏమవుతుందో ఇది చెబుతుంది. బోర్డే లేని చోట సడలడానికి నిఘా అనేదే ఉండదు.

చట్టాల మధ్య ఖాళీ

భారత్‌లో ఆధునిక వైద్యానికి 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఉంది. ఆయుర్వేద, యోగ, ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి ఆయుష్ గొడుగు కింద ఉన్నాయి. ఫిజియోథెరపీ సహా యాభైకి పైగా వృత్తులకు 2021 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఉంది. ఈ మూడింటిలో ఏ జాబితాలోనూ కైరోప్రాక్టిక్ లేదు. అది అనుమతించిన వృత్తి కాదు, నిషేధించిన వృత్తీ కాదు. విదేశంలో నాలుగైదేళ్లు చదివి వచ్చినవారికీ, వారాంతపు శిక్షణతో ధ్రువపత్రం సంపాదించినవారికీ మధ్య తేడా చెప్పే రిజిస్టరు లేదు. ఫిర్యాదు చేయడానికి బల్ల లేదు. రద్దు చేయడానికి లైసెన్సే లేదు.

ఉన్న చట్టం అమలు తీరు చూస్తే దిగులు పెరుగుతుంది. 2021 చట్టం వచ్చి మూడేళ్లు దాటినా రాష్ట్రాల్లో మండళ్ల ఏర్పాటు నత్తనడక నడుస్తుంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టవలసి వచ్చింది. ఒక వైద్య విధానంలో శిక్షణ లేకుండా ఆ విధానంలో చికిత్స చేసేవాడు నకిలీ వైద్యుడేనని పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. కానీ విధానానికే చట్టంలో పేరు లేనప్పుడు, ఏ శిక్షణ సరిపోతుందో చెప్పేదెవరు?

ప్రకటనల చట్టం 1954 నాటిది. మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనలను అరికట్టడానికి తెచ్చిన ఆ చట్టం జాబితాలో 54 వ్యాధులున్నాయి. ప్లేగు, మశూచి కూడా అందులో ఉన్నాయి. పసిబిడ్డల కోలిక్ లేదు. తప్పుదారి పట్టించే ఆరోగ్య ప్రకటనల మీద పతంజలి కేసులో సుప్రీంకోర్టు 2024లో ఎంత తీవ్రంగా మాట్లాడిందో దేశం చూసింది. ఆ తీవ్రత సీసాల్లో అమ్మే మందుల చుట్టూనే తిరిగింది. చేతులతో అమ్మే చికిత్స దాని చూపులో పడలేదు.

రాజధాని ప్రాంతానికి మరో చిక్కు ఉంది. మెట్రో రైలులో గంట ప్రయాణంలో మూడు ప్రభుత్వాల పరిధి మారుతుంది. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని ఉత్తరప్రదేశ్, హర్యానా స్వీకరించాయి. ఢిల్లీ ఏళ్ల తరబడి 1953 నాటి నర్సింగ్ హోమ్‌ల చట్టంతోనే నెట్టుకొచ్చింది. 2024 మే 25 రాత్రి తూర్పు ఢిల్లీ వివేక్ విహార్‌లో నవజాత శిశువుల ఆసుపత్రి తగలబడి పసికందులు చనిపోయినప్పుడు, దాని లైసెన్సు గడువు మార్చి నెలాఖరుకే తీరిపోయిందని బయటపడింది. మంచాలు, ఇంక్యుబేటర్లు, ఆక్సిజన్ సిలిండర్లు ఉన్న ఆసుపత్రి కాగితాలనే ఎవరూ చూడని నగరంలో, ఒక బల్ల, రెండు కుర్చీలు ఉన్న గదిని ఎవరు తనిఖీ చేస్తారు?

ఆరో వారంలో రాజ్యం ఎక్కడ ఉంది?

తల్లిదండ్రులను నిందించడం సులభం. వాళ్లు ఆ గది దాకా ఎందుకు వెళ్తున్నారో అడగడం కష్టం. తెలుగువారి ఆచారం ప్రకారం తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లి, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగి వస్తుంది. కోలిక్ పూర్తిగా ఆ గడువులోపలే వచ్చి పోతుంది. ‘మీరంతా ఇలాగే ఏడ్చారు, మూడు నెలలు ఓర్చుకో’ అని చెప్పే మనిషి పక్కనే ఉంటుంది. బిడ్డను చేతులు మార్చుకోవడానికి నలుగురుంటారు. గురుగ్రామ్ అంతస్తుల్లో, నోయిడా సెక్టార్లలో కాపురముండే ఉద్యోగ జంటల్లో చాలామందికి ఆ వెసులుబాటు లేదు. 2017 సవరణతో తల్లికి 26 వారాల సెలవు వచ్చింది, అదీ సంఘటిత రంగంలోనే. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజులు. ప్రైవేటు రంగంలో తండ్రికి సెలవు ఇవ్వాలన్న చట్టమే లేదు. అంటే ఏడుపు శిఖరానికి చేరే ఆరో వారంలో తల్లి పగలంతా ఒంటరిగా ఉంటుంది. భారతీయ బాలింతల్లో ఐదుగురిలో ఒకరికి పైగా కుంగుబాటుతో బాధపడుతున్నారని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన సమీక్ష అంచనా వేసింది. ఆ తల్లికి రాత్రి రెండు గంటలకు దొరికే ఏకైక తోడు ఫోను. ఆ ఫోను ఎవరిని చూపిస్తే వారే అమ్మమ్మ.

ప్రభుత్వ పథకంలోనూ ఒక విచిత్రమైన ఖాళీ ఉంది. నవజాత శిశువుల గృహ సంరక్షణ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆ తరువాతి విడత సందర్శనలు మూడో నెలతో మొదలవుతాయి. 42వ రోజు అంటే సరిగ్గా ఆరో వారం. ఏడుపు పతాకస్థాయికి చేరిన రోజునే రాజ్యం సెలవు తీసుకుని, అది తగ్గుముఖం పట్టాక తిరిగి వస్తుంది. అపార్ట్‌మెంట్ల గేట్ల లోపలికి ఆ సందర్శనలు చేరడమూ అరుదే.

ఖాళీ ఉన్నచోటే అవకాశమూ ఉంది. జాతీయ టీకాల పట్టిక ప్రకారం ప్రతి బిడ్డా ఆరో వారంలో, పదో వారంలో, పద్నాలుగో వారంలో టీకాకు రావాలి. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేవారికీ, ఖరీదైన పిల్లల వైద్యుడి దగ్గరకు వెళ్లేవారికీ ఈ మూడు తేదీలు ఒకటే. కోలిక్ మొత్తం జీవితకాలం ఈ మూడు తేదీల చుట్టూనే ఉంది. టీకా వేసే చోట ఐదు నిమిషాలు కేటాయించి, ‘ఈ ఏడుపు ఇప్పుడు పెరిగి మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది, ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే రండి, భరించలేనప్పుడు బిడ్డను వెల్లకిలా మంచం మీద పడుకోబెట్టి రెండు నిమిషాలు పక్కకు వెళ్లినా తప్పు లేదు, కోపంలో ఎన్నడూ కుదపకండి, మెడ, వెన్ను ఎవరి చేతా తిప్పించకండి’ అని చెబితే చాలు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ఒక పేజీ అచ్చువేస్తే సరిపోతుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త ఉద్యోగం అక్కర్లేదు.

అభ్యంతరాలు

దేశంలో ఇన్ని పెద్ద సమస్యలుండగా కొద్దిమంది ఉన్నవారి వ్యవహారానికి ఇంత చర్చ ఎందుకని అడగవచ్చు. ఉన్నవారి అలవాట్లు వాళ్ల దగ్గరే ఆగిపోవని పాలపొడి డబ్బాల చరిత్ర చెబుతుంది. ఇంకా మెడ నిలవని బిడ్డకు సమ్మతి చెప్పే నోరు లేదన్నది రెండో జవాబు. పెద్దవాడి విషయంలో స్వేచ్ఛ అనిపించుకునేది పసిబిడ్డ విషయంలో సంరక్షకుడి బాధ్యత అవుతుంది. ఆ బాధ్యతలో రాజ్యానికీ వాటా ఉంది.

ఆయుష్‌కు చోటిచ్చిన దేశం దీనికి ఎందుకు ఇవ్వకూడదన్న వాదన కూడా వస్తుంది. ఇవ్వవచ్చు. పెద్దల ఎముకల, కండరాల నొప్పులకు కైరోప్రాక్టిక్‌ను గుర్తించి, చదువుకు ప్రమాణాలు పెట్టి, రిజిస్టరు తెరవడం మంచిదే. గుర్తింపు అంటే హద్దు గీయడం కూడా. బాగా చదివి నిజాయితీగా పనిచేసే కైరోప్రాక్టర్‌కు ఆ హద్దు వల్ల మేలే తప్ప నష్టం లేదు. ఈరోజు వీడియో చూసి నేర్చుకున్నవాడితో అతణ్ని వేరుచేసి చూపేది ఏదీ లేదు.

పార్లమెంటుకు ఇటువంటి పని కొత్త కాదు. 1992లో శిశువుల పాలపొడి, పాలసీసాల చట్టం తెచ్చింది. 2003లో దాన్ని సవరించి, రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలనే నిషేధించింది. అలసిన తల్లికీ అమ్మకందారుకూ మధ్య చట్టం నిలబడవచ్చని, నిలబడితే ప్రయోజనం ఉంటుందని ఆ చట్టం రుజువు చేసింది.

చేయవలసినవి మూడే. ఒకటి, రెండేళ్లలోపు పిల్లల మెడ, వెన్నుపూసల మీద కుదుపు చికిత్స ఏ వృత్తివారూ చేయరాదని కేంద్ర ఆరోగ్య శాఖ స్పష్టమైన ఆదేశం ఇవ్వాలి. వైద్య వృత్తులు ఉమ్మడి జాబితాలోని 26వ అంశం కిందికి వస్తాయి కాబట్టి ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్ తమవంతుగా ముందుకు రావడానికీ అడ్డు లేదు. రెండు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ పసిబిడ్డల రోగాలు నయం చేస్తామనే వీడియోలను, ప్రకటనలను పరిశీలించాలి. ఆరోగ్య సలహాలిచ్చే ఆన్‌లైన్ ప్రముఖులు తమ అర్హతలు చెప్పాలన్న మార్గదర్శకాలు 2023 ఆగస్టు నుంచి ఉన్నాయి; వాటిని ఇక్కడ అమలు చేస్తే చాలు. మూడు, ఆరో వారం టీకా రోజున ఏడుపు గురించిన సలహాను జాతీయ కార్యక్రమంలో భాగం చేయాలి.

మొదటి రెండూ దుకాణాన్ని అదుపు చేస్తాయి. మూడోది ఆ దుకాణానికి వెళ్లే అవసరాన్ని తగ్గిస్తుంది. ఒక బిరుదు మీద ఇరవై నాలుగు గంటల్లో రెండు లేఖలు రాయగలిగిన శాఖకు ఈ మూడూ మోయలేని బరువు కావు. ఇదంతా ఏ బిడ్డకో ప్రమాదం జరిగి, కెమెరాలు వచ్చి, విచారణ కమిటీ వేయకముందే జరగాలి.